ఇసుక తిన్నెలేవి బాబాయ్?

సినిమా ఎడారి మనకి కొత్తేం కాదు. కనుచూపు మేర ఇసుక తిన్నెలు, ఓ ఒంటె, గాలికి ఎగిరే ఓణీతో హీరోయిన్... కట్ చేస్తే పాట! జోధ్‌పూర్ నుంచి జైసల్మేరుకి సుమారు 280 కిలోమీటర్లు కార్లో వెళ్ళి చూడండి, ఆ భ్రమ కాస్తా వదిలిపోతుంది.

హైదరాబాదు నుంచి కుటుంబంతో బయల్దేరిన మాకు ఆ రోజంతా కనిపించినవి తుప్పలు, రాళ్ళు, మేకల మందలు, గీత గీసినట్టున్న రోడ్డు. "ఇసుక తిన్నెలేవి బాబాయ్?" అని అన్నయ్య పిల్లల పోరు! పాటల్లో చూసేలాంటి తిన్నెలు కావాలంటే జైసల్మేరు దాటి ఇంకో 40 కిలోమీటర్లు, సమ్ దాకా పోవాలి.

దారిలో మాటిమాటికీ ఓ చెట్టు పలకరించింది. అక్కడివాళ్ళు ఖేజ్రీ అంటారు. తీరా చూస్తే మన దసరా జమ్మిచెట్టే! ఆకు మేకలకి, కాయ కూరకి, నీడ అందరికీ.

1974లోనూ, 1998లోనూ అణుపరీక్షలు జరిగిన పోఖ్రాన్ దాటామో లేదో, ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేచింది. ఏప్రిల్ మధ్యాహ్నం. వెనక సీట్లో డెబ్బై దాటిన నాన్నగారు. అన్నయ్య బండి పక్కకి తీసి ఆపేశాడు. వేడి మీద రేడియేటరు మూత తియ్యకూడదు, చల్లారాల్సిందే. మిగిలినవి రెండు సీసాల నీళ్ళు. బండికా, మనుషులకా? నాన్నగారికి మాట తగ్గిపోయింది. వదిన తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తూనే ఉంది.

మేకలు తోలుకొస్తున్న ఓ పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. తన డబ్బా మూత తీసి, ముందు ముసలాయనకి పట్టమని సైగ చేశాడు. సాయంత్రం దాకా ఆయనకున్న నీళ్ళు అవేనట! డబ్బులివ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, మేకల వెంట వెళ్ళిపోయాడు.

పొద్దువాలేసరికి జైసల్మేరు చేరాం. 1974లో వచ్చిన సత్యజిత్ రాయ్ 'సోనార్ కెల్లా'లోని బంగారు కోట ఇదే. పసుపు రాయి సాయంత్రపు ఎండకి నిజంగానే బంగారంలా ఉంది. పిల్లలు ఫొటోల మీద పడ్డారు. నాన్నగారు మాత్రం "ఆయన పేరన్నా అడగలేదేంట్రా?" అన్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు.

మీరూ వెళ్ళండి, చూడదగ్గ దారి. పొద్దున్నే బయల్దేరండి. నీళ్ళు మాత్రం మనుషులకి వేరే, బండికి వేరే, దారిలో ఎదురయ్యేవాళ్ళకి ఇంకో సీసా. ఫొటోల సంగతి తర్వాత!