మాత్రతో పాటు గది కూడా

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. 2018 సెప్టెంబరు నుంచి ఉన్న సౌకర్యమిది. అక్కడి మానసిక చికిత్సాలయానికి దారి సులువైంది గానీ, అక్కణ్ణించి తిరిగొచ్చే మనిషి ఎలాంటి గదిలో బతకబోతున్నాడో పట్టించుకునేవారు లేరు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లే చూడండి. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒకే గదిలో నలుగురైదుగురు. అర్ధరాత్రి దాకా లైటు, తెల్లారితే బాత్‌రూమ్ దగ్గర వరస. బైపోలార్ ఉన్నవారికి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. స్కిజోఫ్రేనియా మందులు కొన్ని మగత తెస్తాయి; మెస్ మూసేలోగా లేవలేనివాడు పస్తుంటాడు. తోటివాళ్ల కంట పడతాయని మాత్రలు మానేసేవారూ ఉంటారు. దీన్నంతా బద్ధకం అనేస్తాం. ఎంత అన్యాయమైన మాట! వేళకు తిండి, కంటి నిండా నిద్ర, ఆప్యాయంగా అడిగే ఒక్కరు ఉంటే చాలామంది తమ పనులు తాము చేసుకోగలరు.

సొంతిల్లయినా అంతే. ఎత్తిపొడుపులు ఎక్కువున్న ఇళ్లకు చేరినవారికి జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ పరిశోధక బృందం దశాబ్దాల కిందటే తేల్చింది.

ఇంటివాళ్లు రానివ్వలేదన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలోనే ఉంచకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. ఆసుపత్రికీ ఇంటికీ మధ్య ఆసరాగా ఉండే హాఫ్‌వే హోమ్‌లు, కొందరు కలిసి ఉండే గ్రూప్ హోమ్‌ల వంటివి సమకూర్చే బాధ్యత ప్రభుత్వానిదే. అవి ఊరవతల కాదు, ఎల్బీనగర్ కాలనీల మధ్యే రావాలి. ఈలోగా ప్రతి హాస్టల్ గోడ మీదా మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలిమానస్ నంబరు 14416 రాయించడానికి ఖర్చేమీ కాదు.