ముగింపు తెలిస్తే తప్పేమిటి?

సంపాదకులకు,

టీనేజీ ప్రేమ నవలల్లో మొదటి పేజీలోనే చివరి పేజీ తెలిసిపోతుందని గత సంచికలో వ్యాసకర్త తీసిపారేశారు. తెలిసిపోతుంది, నిజమే. సీతారామ కల్యాణం కథ తెలియకనా జనం హరికథకు కూర్చునేది? ఇద్దరూ కలుస్తారో లేదోనన్న బెంగ లేనప్పుడే ఎలా కలుస్తారన్నదాని మీద చూపు నిలుస్తుంది. జెన్నీ హాన్ 2014లో రాసిన ‘టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్’ చూడండి. మనసుపడ్డ అబ్బాయిలకు రాసి, పంపకుండా, తల్లి కొనిచ్చిన టోపీ పెట్టెలో కథానాయిక లారా జీన్ దాచుకున్న ఉత్తరాలు కాస్తా వాళ్లకు చేరిపోతాయి. ఆ చిక్కులోంచి బయటపడటానికి వాళ్లలో ఒకడైన పీటర్‌తో ప్రేమ నాటకం మొదలవుతుంది. నవ్వులాటే. కానీ తల్లి లేని ఇల్లు, పైచదువుకు స్కాట్లాండ్ వెళ్లిపోయిన అక్క, ఆమె మోసిన బరువు తన మీద పడి తడబడే నడిమి పిల్ల, అంతా ఆ నవ్వుల మధ్యే ఉంది.

ఇలాంటి నవలలు ఆడపిల్లలకు లేనిపోని ఆశలు పెడతాయన్నది వ్యాసకర్త రెండో ఆరోపణ. ఒకప్పుడు యద్దనపూడి సులోచనారాణి నవలలనూ ఇదే మాట అన్నారు (కారున్న ఆ కథానాయకుల విషయంలో కొంత నిజమే). అయితే జెన్నీ హాన్ నవలతో మొదలైన వరుసలో 2017లో వచ్చిన మూడో నవలలో, పీటర్ చేరబోయే వర్జీనియా యూనివర్సిటీలో లారా జీన్‌కు సీటు రాదు. చివరికి ఆమె అతనికి దూరంగా నార్త్ కరోలినాలో చదవడానికే నిర్ణయించుకుంటుంది. ప్రేమ కోసం అన్నీ వదులుకోమనే పుస్తకం అలా నడవదు. వ్యాసకర్త ఒక్క నవలనైనా పేరు పెట్టి విమర్శించి ఉంటే జవాబు ఇంకా సూటిగా ఉండేది.

— ఒక పాఠకురాలు, హనుమకొండ