ఎనియాక్ కన్నా ముందే కంప్యూటరు కట్టిన టెలిఫోన్ ఇంజినీరు

బుచ్చిరెడ్డిపాలెంలో పోటీ పరీక్షలకు చదివే ఏ పిల్లాణ్ణి అడిగినా, మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటరు ‘ఎనియాక్, 1946’ అని ఠక్కున చెబుతాడు. గైడులో అట్నే ఉంది మరి. రిటైరైన టెలిఫోన్ మెకానిక్‌ని కదా, ఆ జవాబు వింటే నాకు ఒళ్లు మండుతుంది. అంతకు రెండేళ్ల ముందే, 1944 ఫిబ్రవరిలో, శత్రువుల గుప్తలిపి విప్పే ఇంగ్లండు కేంద్రం బ్లెచ్లీ పార్కులో కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ యంత్రం పనిలోకి దిగింది. దాన్ని కట్టిన టామీ ఫ్లవర్స్ బ్రిటన్ తపాలా శాఖలో టెలిఫోన్ ఇంజినీరు. లండన్ తాపీమేస్త్రి కొడుకు. సాయంత్రం క్లాసులకు పోయి డిగ్రీ తెచ్చుకున్నాడు.

హిట్లర్ సేనానుల టెలిప్రింటరు సందేశాలు లోరెంజ్ యంత్రంలో గుప్తలిపిగా మారి వెళ్లేవి. సినిమాల్లో చూపించే జర్మన్ గుప్తలిపి యంత్రం ఎనిగ్మా వేరు, ఇది వేరు. లోరెంజ్‌కు 12 చక్రాలు. యంత్రాన్ని కంటితో చూడకుండానే బ్లెచ్లీలో పనిచేసే బిల్ టట్ దాని గుట్టు కాగితం మీద తేల్చాడు. ఇక మిగిలింది, సందేశం వెళ్లినప్పుడు చక్రాలు ఎక్కడ మొదలయ్యాయో పట్టుకోవడం. అందుకు ముందు చేసిన యంత్రంలో రెండు కాగితపు టేపులు జతగా పరిగెత్తాలి. ఒకటి సాగినా, తెగినా లెక్క గోవిందా. ఫ్లవర్స్ ఒక టేపును తీసిపారేసి దాని పని పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులకు అప్పగించాడు. సుమారు 1,600 వాల్వులు. సెకనుకు 5,000 అక్షరాలు చదివేది.

అన్ని వాల్వులు పెడితే ఎప్పుడూ ఏదో ఒకటి మాడుతూనే ఉంటుందని పెద్దలు పెదవి విరిచారు. మాడేది ఎక్కువగా వెలిగించి ఆర్పేటప్పుడేనని ఫ్లవర్స్‌కు ఎక్స్ఛేంజీ అనుభవం. అసలు ఆర్పనే లేదు. మా ఎక్స్ఛేంజీలోనూ అంతే. కరెంటు పోతే వరసగా పేర్చిన బ్యాటరీల మీద నడవాల్సిందే తప్ప, ఆపడమనే మాటే లేదు. చేతిపనిలో అబ్బిన ఈ తెలివికి మార్కులెవరు వేస్తారు?

యుద్ధం ముగిసేనాటికి అలాంటివి 10 అయ్యాయి. ఆ తర్వాత చాలావాటిని విప్పేశారు. కాగితాలను ఫ్లవర్స్ తన చేత్తోనే కొలిమిలో వేసి కాల్చాల్సి వచ్చింది. దక్కిన బహుమానం 1,000 పౌండ్లు. సొంతంగా పెట్టిన ఖర్చుకే చాలలేదు. అలాంటి యంత్రం మరొకటి కడతానని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండును అప్పడిగితే, అది పనిచేయదు పొమ్మన్నారు. ముందే కట్టి నడిపించానని చెప్పుకునే వీల్లేదాయె! 1970ల దాకా ప్రభుత్వం నోరు విప్పలేదు. యుద్ధంలో రహస్యం సరే, తర్వాత అన్నేళ్లు దాచడం మాత్రం పచ్చి అన్యాయం.

కొలోసస్ అన్ని లెక్కలూ చేసే యంత్రం కాదు, ఒప్పుకుంటాను. ఎనియాక్ గొప్ప దానికుంది. కానీ మొదటిది అది కాదు. గైడ్లు రాసే మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ముద్రణలో ఎనియాక్ పైన ఒక లైను చేర్చండి: కొలోసస్, 1944, టామీ ఫ్లవర్స్, టెలిఫోన్ ఇంజినీరు.