గోన గన్నారెడ్డికి ఇల్లు లేదా?

మొన్న వనపర్తిలో ఒక పుస్తకాల స్టాలు దగ్గర ఓ పెద్దమనిషి కొడుకు చేతిలోని చారిత్రక నవల గుంజుకుని బల్ల మీద పడేశాడు. "ప్రేమలు, అమ్మ ఏడుపులు ఎందుకురా? చరిత్రంటే యుద్ధం. చదివితే ధైర్యం రావాలె" అన్నాడు. ఆయనొక్కడి మాటే అయితే ఊరుకునేదాన్ని. బడుల్లో పంతుళ్ళు, సభల్లో వక్తలు, సినిమావాళ్ళు అందరిదీ ఇదే పాట. వినీ వినీ ఒళ్ళు మండుతోంది.

పాలమూరు పిల్లల్ని కాకతీయుల నాటి వీరుడు గోన గన్నారెడ్డి ఎవరని అడగండి. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ అంటారు. గుర్రం, మీసం, డైలాగు, అంతే. ఆ గోనవారి వర్ధమానపురం మన బిజినేపల్లి దగ్గరి నంది వడ్డెమానేనని వాళ్ళకు ఎవరు చెప్పారు? ఆ వంశపు గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణాన్ని తండ్రి విఠలుడి పేర రాశాడు. ఉత్తరకాండ మిగిలిపోతే కొడుకులు కాచభూపతి, విఠలరాజు పూర్తి చేశారు. కత్తి పట్టిన ఇంట్లో ఒక కావ్యం కోసం తాత పేరు, తండ్రి చెయ్యి, మనుమల చెయ్యి కలిశాయి. పదిహేనేళ్ళ పిల్లకు చెప్పాల్సిన కథ ఇది కాదా? అడివి బాపిరాజు గన్నారెడ్డి మీద నవల రాస్తూ నాయికగా అన్నాంబికను ఊరికే పెట్టలేదు. ఆమెను తీసేస్తే ఆ వీరుడి సాహసానికి అర్థమే ఉండదు. కాకతీయ రాణి రుద్రమదేవి సంగతీ అంతే. గణపతిదేవుడు కూతుర్ని నమ్మి రాజ్యం అప్పజెప్పాడు. ఆమె మనుమడు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా నిలబెట్టింది. ఇల్లు లేకుండా ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?

వనపర్తి దగ్గరి పాన్‌గల్ కోట గుట్ట ఎక్కి చూడండి. ఏడు ప్రాకారాలు, మధ్యలో బాలాహిస్సార్ అనే లోపలి కోట. 1417 ప్రాంతంలో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ఇక్కడ ముట్టడి వేశాడు. రెండేళ్ళు గడిచాయి, అతని దండులో రోగం ప్రబలింది, చివరికి విజయనగరం చేతిలో ఓడాడు. పాఠం అక్కడితో ఆగిపోతుంది. ఆ రెండేళ్ళూ లోపలివాళ్ళు ఏం తిన్నారు? ఎవరి గంజి ఎవరికి పోశారు? తమ్ముణ్ణి చంకనేసుకున్న పిల్ల ఏ రాత్రి ఎట్లా గడిపింది? నవల పుట్టేది అక్కడ. బురుజుల కొలతల్లో పుట్టదు.

ఈ నేల పిల్లలకు ఆ పిల్ల కొత్త మనిషి కాదు. అమ్మానాయిన బొంబాయికో పుణెకో కూలికి పోతే అవ్వ దగ్గర పెరిగినవాళ్ళు, చెల్లెకు జడేసి బడికి తోలినవాళ్ళు మన తరగతుల్లోనే ఉన్నారు. 'పాలమూరు లేబర్' అని దేశమంతా పిలిచిన జనం పిల్లలు వీళ్ళు. వీళ్ళకు ధైర్యమంటే కత్తేనని చెప్పడం అన్యాయం.

పిల్లలు చదవరంటారు. ఇవ్వందే ఎట్లా చదువుతారు?

అట్లాంటి ఇళ్ళ కథలకు ఆధారాలు లేవనీ అంటారు. గద్వాల సీమలోని ఇటికాలపాడు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1949లోనే 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' అచ్చువేశాడు. జనం తిండి, బట్ట, ఆట, పండుగ అన్నీ అందులో ఉన్నాయి. ఎట్లా రాయాలో నేను చెప్పలేను. రాయగలవాళ్ళు ఈ పాలమూరు నేల మీదే ఉన్నారని మాత్రం తెలుసు. వాళ్ళు ఆ పుస్తకం తెరిచి మొదలుపెట్టాలి. పెద్దలు పిల్లల చేతుల్లోంచి నవలలు గుంజుకోవడం మానాలి.