మాటలాడని బిడ్డకును బడి కావలెను



మన కర్ఖేలిలో ఇంట తెలుగు, కచేరీలో మరాఠీ. 1956లో నాందేడ్ జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి బొంబాయి రాష్ట్రమున చేరినది. భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభింపవలెనను 350-ఎ అధికరణము ఆ యేడే రాజ్యాంగమున చేరినది. బిడ్డకు తెలియు రీతిని బోధింపవలెననుటయే దాని సారము.

పిలిచినను పలుకక, కన్నులెత్తి చూడక, ఆడిన ఆటనే మరల మరల ఆడు బిడ్డలు కొన్ని ఇండ్లలో కలరు. దీనిని ఆటిజం అందురు. లియో కానర్ అను వైద్యుడు దీనిని 1943లో వివరించెను. ఇది మెదడు ఎదుగుదలలోని భేదము. పూర్వజన్మ పాపము కాదు. తల్లి పెంపకపు లోపము కాదు. రెండు మూడు భాషలు వినుటవలన కలుగునదియు కాదు. ఇట్టివారిలో కొందరు మాటలాడరు. కొందరు చక్కగా చదువుదురు. అయినను మనము “పిచ్చివాడు” అని నవ్వుదుము. ఆ నవ్వునకు వెరచి తల్లి బిడ్డను ఇంట దాచును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేర్కొన్నది. ప్రభుత్వ గుర్తింపు గల బడులు ఇట్టి బిడ్డలను భేదము చూపక చేర్చుకొనవలెనని శాసించినది. కాని ప్రక్కన కూర్చుండు తోటివాడు లేనిచో చట్టమేమి చేయగలదు?

తల్లులారా! బిడ్డను దాచకుడు, చిన్ననాడే వైద్యునికి చూపుడు. విద్యార్థులారా! వానితో నెమ్మదిగా, కొద్ది మాటలలో చెప్పుడు, బొమ్మ గీసి చూపుడు, బదులునకై వేచియుండుడు.

మన భాషకు బడిలో చోటడిగిన మనము, మాట రాని బిడ్డకు చోటు లేదనుట న్యాయమా?