‘అడగకు’ అన్న మాటను అడిగి తీరాలి



ప్రతి జనవరి 26కీ, ఆగస్టు 15కీ కాలేజీ స్టేజీల మీద ఒక వాక్యం వినిపిస్తుంది. దేశం నీకేమిచ్చిందని అడక్కు, దేశానికి నువ్వేం చేయగలవో అడుగు అని. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఇరుక్కుపోయిన పిల్లల చేతే ఆ మాటకు చప్పట్లు కొట్టిస్తారు. ఇది జాన్ ఎఫ్. కెన్నెడీ 1961 జనవరి 20న అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు అన్న మాట. ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్నారో చూడకుండా మాటను మోసేవాళ్లని ఏమనాలి?

ఆ రోజు వాషింగ్టన్‌లో మంచు. జాతీయగీతం పాడింది మేరియన్ ఆండర్సన్, నల్లజాతి గాయని. 1939లో అదే ఊళ్లో కాన్‌స్టిట్యూషన్ హాల్‌లో ఆమెను పాడనివ్వలేదు. 1961లో ఆమె గొంతు వేదికెక్కింది. ఆమె జనం బతుకు మాత్రం ఉపన్యాసంలోకి ఎక్కలేదు. పద్నాలుగు నిమిషాలైనా లేని ఆ ప్రసంగం దాదాపు అంతా ప్రపంచ రాజకీయమే. మానవ హక్కులకు కట్టుబడ్డాం అన్నచోట ‘మన దేశంలోనూ’ అనే ముక్క కూడా హారిస్ వోఫర్డ్ లాంటి సలహాదారులు పట్టుబడితేనే చేరింది. దక్షిణాదిలో ఓటు కూడా దక్కని నల్లవాళ్లకు ఆ రోజు దక్కింది ఆ రెండు మాటలే.

ఇప్పుడు జేమ్స్ మెరెడిత్ సంగతి వినండి. తొమ్మిదేళ్లు అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన నల్ల యువకుడు. కెన్నెడీ ప్రసంగం మరునాడే, జనవరి 21న, మిసిసిపీ యూనివర్సిటీకి దరఖాస్తు ఫారం పంపమని ఉత్తరం రాశాడు. పరాయి రాష్ట్రం కాదు, తను పుట్టిన రాష్ట్రం. సీటు ఇవ్వలేదు. కోర్టుకెక్కి గెలిచాడు. అయినా గవర్నర్ రాస్ బార్నెట్ స్వయంగా వచ్చి అడ్డం నిలబడ్డాడు. 1962 సెప్టెంబర్ 30 రాత్రి తెల్లమూకలు క్యాంపస్‌ని తగలబెట్టినంత పని చేశాయి. ఇద్దరు చచ్చిపోయారు. సైన్యం దిగితే తప్ప ఒక్క విద్యార్థి క్లాసులో కూర్చోలేకపోయాడు. దేశానికి ఏమిచ్చావని మెరెడిత్‌ని అడిగే ముఖం ఎవరికుంది?

మనకిది కొత్త కథా? రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదార్. ఆయన కొడుకు సాతారా బడిలో అందరికీ దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఆ కొడుకే అంబేడ్కర్.

తెలుగులో ‘విధి’ అంటే కర్తవ్యమూ అవుతుంది, తలరాతా అవుతుంది. పైకులాలకు అవి రెండు అర్థాలు. మనకు మాత్రం ఒకటే చేశారు. మనుస్మృతి మన ముందుతరాలకు రాసిపెట్టింది విధులే. అందుకే 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో దాన్ని తగలబెట్టారు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో పౌరులకు ప్రాథమిక హక్కులున్నాయి, ప్రాథమిక విధుల జాబితా లేదు. అది వచ్చింది 1976లో, 42వ సవరణతో, ఎమర్జెన్సీలో. హక్కులు జైల్లో ఉన్నప్పుడు విధులు రాజ్యాంగంలోకి నడిచొచ్చాయి. పాలకులకు ‘బాధ్యత’ ఎప్పుడు గుర్తొస్తుందో దీన్నిబట్టి తెలుసుకోండి.

‘అంటే బాధ్యత వద్దంటారా సార్?’ అని మీలో కొందరు అడుగుతారు. వద్దనను. ఊళ్లు ఊడ్చింది, చచ్చిన గొడ్డును మోసింది, డప్పు కొట్టి కబురు చెప్పింది, మురుగు కాలువలో దిగి ఊపిరాడక పోతున్నది ఎవరు? మన బాకీ ఎప్పుడో తీరింది. బాకీ ఉన్నది అటువైపు. బాకీ ఉన్నవాడు లెక్కలు అడగొద్దంటే, వాడి ఉపన్యాసం ఎంత అందంగా ఉన్నా అది ఎగవేతే.

అడగడం వల్లే ఏదైనా కదిలింది. ఇళ్ల విషయంలో వివక్షను ఒక్క కలంపోటుతో తీసేస్తానని కెన్నెడీ ఎన్నికల్లో మాటిచ్చాడు. గెలిచాక కలం కదల్లేదు. జనం వైట్‌హౌస్‌కి పోస్టులో పెన్నులు పంపారు. 1962 నవంబర్‌లో సంతకం పడింది. 1963లో బర్మింగ్‌హామ్ వీధుల్లో బడిపిల్లలు పోలీసు కుక్కలకూ నీటిగొట్టాలకూ ఎదురు నిలిచారు. 1961లో రెండు మాటలతో సరిపెట్టిన అదే కెన్నెడీ, 1963 జూన్ 11న టీవీలో ఇది నైతిక సమస్య అని ఒప్పుకున్నాడు. ఆ పిల్లలు అడగకు అన్న మాట విని ఇంట్లో కూర్చుంటే ఒప్పుకునేవాడా?

చివరగా ఒక్క మాట. ఆ ప్రసిద్ధ వాక్యంతో ప్రసంగం అయిపోలేదు. మీ నుంచి మేం ఎంత త్యాగం, ఎంత బలం కోరుతున్నామో, అంతే మా నుంచి మీరూ కోరండి అని కూడా కెన్నెడీ అన్నాడు. స్టేజీల మీద ఆ వాక్యాన్ని ఎందుకు మింగేస్తారో ఇప్పుడు అర్థమైందా? ఈసారి ఎవరైనా మొదటి వాక్యం చెబితే, లేచి నిలబడి రెండోది చెప్పండి. తర్వాత మీ సర్టిఫికెట్లు ఎప్పుడిస్తారో అడగండి.

అడగడమే మన పౌరధర్మం.

జై భీమ్.