పళ్లెమునకు పద్దు

తాము భుజించిన ప్రతి కబళమును చేతిఫోనులో నమోదు చేసికొను అలవాటు నేడు మన పట్టణములలో ప్రబలుచున్నది. "ఇడ్లీలు మూడు, కాఫీ ఒకటి" యని వ్రాసిన తోడనే యాప్ కేలరీలు లెక్కగట్టి చూపును. దీనిని వెఱ్ఱి యని కొట్టివేయువారును గలరు. వేదమని నమ్మువారును గలరు. మాకు ఈ రెండు త్రోవలును సమ్మతములు కావు.

పద్దు వ్రాయుటలో మేలు గలదు. 2008లో అమెరికాలో సుమారు 1,700 మందిపై జరిగిన పరిశోధనలో, ప్రతిదినము ఆహారమును వ్రాసికొన్నవారు వ్రాయనివారికంటె రెండింతలు బరువు తగ్గిరని తేలినది. ఇందు మంత్రమేమియు లేదు. వ్రాయవలెనను తలంపు కలిగిన చేయి, మిఠాయి పొట్లము దగ్గఱ ఒక్క క్షణమాగును. మధుమేహ రోగికి వైద్యునియెదుట పెట్టుటకు ఇది మంచి సాక్ష్యము.

కాని సాక్ష్యమును పరీక్షింపక అంగీకరించుట న్యాయవాదికి తగదు. "పప్పు ఒక గిన్నె" యని యాప్ వ్రాసికొనును. ఎవరి యింటి గిన్నె? పోపులో నూనె యెంత? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారపదార్థముల పోషకవిలువలను పట్టికలుగా వెలువరించినది. అవి ప్రధానముగ వండని దినుసుల లెక్కలు. మన వంటింటి చేతివాటము ఏ పట్టికకును ఎక్కదు. కావున యాప్ చూపు అంకె యంచనాయే గాని తీర్పు కాదు.

అంచనాను తీర్పుగా గొన్నచో కీడు మూడును. అంకె మించెనను భయమున రాత్రిభోజనము మానుకొను యువతీయువకులకు పద్దు ఔషధము గాక వ్యాధియే యగును. తల్లి వడ్డించిన ముద్దను శత్రువువలె చూచు దశ వచ్చినపుడు ఆ యాపును తొలగించి వైద్యుని దర్శించుటయే కర్తవ్యము.

మఱియొక ప్రశ్న గలదు: ఈ పద్దునకు యజమాని యెవరు? 2018లో మైఫిట్‌నెస్‌పాల్ యాపునుండి సుమారు 15 కోట్ల ఖాతాల వివరములు, ఈమెయిలు చిరునామాలతోగూడ, పరుల చేతబడినవి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీముకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017లో ఏకగ్రీవముగ తీర్పు చెప్పిరి. వ్యక్తిగత వివరముల రక్షణకై పార్లమెంటు 2023లో చట్టమొనర్చినది. అయినను, షరతులను చదువకయే "సమ్మతము" అను మీటను నొక్కువానిని ఏ చట్టమును పూర్తిగా కాపాడజాలదు. మన రోగమును, మన ఆకలిని, మన బలహీనతను అంగడి సరకు చేయు అధికారమును మనమే యొసగుచున్నాము.

కావున మా పాఠకులకు మా మనవి యిది. పద్దు వ్రాయుడు, కొన్ని వారములు చాలును. మీ యింటి గిన్నెను ఒక్కసారి తూచి చూచుకొనుడు. అడిగిన వివరములన్నియు ఇయ్యకుడు. పని తీరిన పిమ్మట ఖాతాను చెఱిపివేయుడు. నమ్మకము చాలనిచో పావలా పెన్సిలు, పాత నోటుపుస్తకము చాలును. అందలి లెక్క మీ గడప దాటదు. పద్దు మనకు సేవకుడుగ నుండవలెను గాని, మన పంక్తిలో పెత్తనము చేయరాదు.